రక్షణ శాఖ మంత్రి గారికి ఒక హవల్దారు బిడ్డ రాస్తున్న బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

రిజిస్టర్డ్ పోస్టులో అర్జీలు పంపినం, పోర్టల్‌లో ఫిర్యాదులు పెట్టినం, మా యాప్రాల్ దిక్కు వచ్చిన లీడర్లకు చేతుల కాయితాలు పెట్టినం. దేనికీ సరైన జవాబు రాలేదు కాబట్టే ఇట్ల అందరి ముందట రాయాల్సి వస్తుంది, ఏమనుకోకండి. ఫ్యామిలీ పెన్షన్ రూల్స్ గురించి మీకు నేను చెప్పేదేముంది సార్, అవన్నీ మీకు తెలిసినవే. మా నాన్న పోయినంక మా అమ్మకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ ఎందుకు వస్తలేదో, అదొక్కటి అడుగుతున్న.

మా నాన్న ఆర్మీల, ఆర్టిలరీలో (ఫిరంగుల దళంల) హవల్దారు. నల్గొండ జిల్లాల మా ఊరి నుంచి వచ్చి 1969లో భర్తీ అయిండు, ట్రైనింగ్ ఇక్కడే గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో. 1971 యుద్ధం నాటికి ఆయనకు నిండా ఇరవై రెండేళ్లు లేవు, తూర్పు దిక్కు పంపిన్రు. పూర్వీ స్టార్ మెడల్ వచ్చింది. యుద్ధం ముచ్చట అడిగితే మాత్రం ఎక్కువ చెప్పేటోడు కాదు. గన్నుల పక్కన నిలబడి నిలబడి కుడి చెవు పోయింది, ఇంట్ల మేమందరం ఆయనకు ఎడమ దిక్కు కూసొనే మాట్లాడేటోళ్లం. దాని మీద డిసేబిలిటీ పెన్షన్ అడుగు అని తోటోళ్లు చెప్తే "కాళ్లు చేతులు పోయినోళ్లకు ఇయ్యనియ్, నాకు ఇంకో చెవు మంచిగనే ఉంది" అన్నడు. అసొంటి మనిషి సార్ ఆయన, తనకు హక్కున్నది కూడా అడగలేదు.

ఫీల్డ్ పోస్టింగ్‌ల ఫ్యామిలీని ఉంచుకోనియ్యరు కదా, అందుకే పెండ్లైన కొత్తల అమ్మ ఎక్కువ కాలం ఊర్లెనే ఉంది. అమ్మకు చదువు రాదు. నాన్న ఇన్‌లాండ్ లెటర్ రాస్తే బడి పంతులు వచ్చి చదివి చెప్పాలె. సెలవు మీద వచ్చినప్పుడు నాన్న చేసిన మొదటి పని ఏందంటే పలక తెచ్చి అమ్మకు సంతకం నేర్పించుడు. "రేపు నేను లేకుంటే సర్కారు నీకు పైసలు ఇస్తది, అప్పుడు వేలిముద్ర వేస్తే ఎవడన్నా మోసం చేస్తడు" అని రోజూ పొద్దుమీకి కూసోబెట్టి దిద్దిచ్చేటోడంట, అమ్మ ఇప్పటికీ చెప్తది. యుద్ధానికి పోయొచ్చిన మనిషి కాబట్టి భార్యకు అన్నిటికంటే ముందు అది నేర్పిండు.

1989లో రిటైరై వచ్చి సికింద్రాబాద్‌ల ఒక బ్యాంకు బ్రాంచికి సెక్యూరిటీ గార్డుగా చేరిండు, ఎక్కువ నైట్ డ్యూటీలే. పొద్దున ఇంటికొచ్చి నిద్రపోకుండా నాకూ చెల్లెకూ జడలు వేసేటోడు, పాపిడి తాడు పట్టి గీసినట్టు ఉండాలె, కొంచెం వంకరున్నా విప్పి మళ్ల దువ్వేటోడు. తెల్ల బూట్లకు పాలిష్ ఆయనే, టిఫిన్ డబ్బా ఆయనే, సైకిల్ మీద బడి దాకా దింపుడు ఆయనే. మా ఇద్దరి చదువులు, పెండ్లిళ్లు ఆ పెన్షన్ మీద, ఆ గార్డు జీతం మీదనే అయినయి. మంది పైసలు రూపాయి ముట్టలేదు. ప్రతి ఏడాది నవంబర్ వచ్చిందంటే మొదటి వారంలనే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వచ్చేటోడు, సర్కారుకు మన దిక్కు నుంచి ఆలస్యం కావొద్దు అని.

ఆయన పోయినంక నల్ల ట్రంకు పెట్టె తెరిచినం. మూత మీద ఆయన ఆర్మీ నంబరు, పేరు తెల్ల పెయింటుతోని రాసి ఉంటది. లోపల ఒక ప్లాస్టిక్ కవర్ల డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ ఇయ్యమని సర్కారు ఇచ్చే ఆర్డరు కాయితం), ఇద్దరి జాయింట్ ఫోటో, పాస్‌బుక్, ఎవరికి ముందు చెప్పాలె, ఏ కాయితం ఎక్కడ ఇయ్యాలె అని ఆయన చేతిరాత చీటీ. అన్నీ మంచిగ సర్ది పెట్టి పోయిండు సార్. అయినా ఆగిపోయింది.

డెత్ సర్టిఫికెట్ ఇయ్యంగనే ఆయన పెన్షన్ బంద్ చేసిన్రు, అది న్యాయమే. ఆయన పోయినంక అకౌంట్ల పడ్డ పైసలు వెనక్కి తీసుకున్నరు, అదీ న్యాయమే, మేము ఒక్క మాట అనలేదు. కానీ అమ్మ పెన్షన్ మొదలు కావాలంటే అమ్మ డేట్ ఆఫ్ బర్త్ కలవట్లేదు అంటున్నరు. డిశ్చార్జ్ బుక్‌ల 1957, ఆధార్‌ల 1955 జనవరి ఒకటి. ఊర్ల పుట్టినోళ్లకు ఆధార్‌ల జనవరి ఒకటి ఎందుకు పడుతదో మీకు తెల్వదా సార్? తారీకు తెల్వకుంటే ఏడాది చెప్తే చాలు అన్నరు, మిషన్ జనవరి ఒకటి వేసుకుంది. అప్పట్ల నాన్న పెండ్లి సంగతి రాయించినప్పుడు యూనిట్ క్లర్కు అడిగిండు, ఈయన అంచనాగ ఒక తారీకు చెప్పిండు. గంతే.

ఫస్ట్ అఫిడవిట్ అన్నరు, ఇచ్చినం. తర్వాత పేపర్ల ప్రకటన అన్నరు, వేయించినం. తర్వాత రికార్డ్స్ ఆఫీసు నుంచి లెటర్ రావాలె అన్నరు, వాళ్లకు రాస్తే పెన్షన్ ఆఫీసునే అడగమన్నరు. పోర్టల్‌ల పెట్టిన ఫిర్యాదు "పరిష్కరించబడింది" అని ఫోన్‌కు మెసేజ్ వస్తది, లోపల చూస్తే "ప్రాసెస్‌లో ఉంది" అని ఉంటది. కాల్ సెంటర్‌ల హిందీల అడుగుతరు, అమ్మకు క్వార్టర్స్‌ల నేర్సుకున్న నాలుగు ముక్కలే వస్తయి, అవి కూడా ఇప్పుడు మర్చిపోయింది. మందుల కార్డు ఆమె పేరు మీదికి మారాలంటే కొత్త పీపీఓ ఉండాలంట. మొన్న బీపీ గోళీలు సగం తెంపి వేసుకుంటుంటే చూసి నేను గట్టిగ అరిచిన, "మీ పైసలు ఎన్ని రోజులు తింటా బిడ్డా" అంది. ఒకనాడైతే "నేను ఎవరి పెండ్లాన్నో ఈ వయసుల రుజువు చూపెట్టుకోవాల్నా" అని ఏడ్సింది. నాకు జవాబు రాలేదు, మీరన్నా చెప్పండి.

సార్, ఆమె ఆయన భార్య కాదని మీ రికార్డులల్ల ఎవ్వరూ అనట్లేదు. పీపీఓల పేరు ఉంది, జాయింట్ ఫోటో ఉంది. నాన్న వయసు 67 ఎప్పుడో దాటింది కాబట్టి ఎక్కువ రేటు రాదు, వచ్చేది 30 శాతం ఆర్డినరీ రేటే, ఆమె 1955ల పుట్టినా 1957ల పుట్టినా ఆ రేటుల రూపాయి తేడా రాదు. అదనపు పెన్షన్ ఆమెకు 80 ఏండ్లు నిండినంక కదా, అప్పుడు గావాల్సిన తారీకు కోసం ఇప్పుడు నెలనెలా తిండి ఎందుకు ఆపాలె? ముందు పెన్షన్ ఇయ్యండి, తారీకు సంగతి నిదానంగ తేల్చుకోండి. ఇది మా అమ్మ ఒక్కదాని బాధ కాదు, బొల్లారం, అల్వాల్, నేరేడ్‌మెట్ దిక్కు మాజీ సైనికుల ఇండ్లల్ల అడిగి చూడండి.

1971 యుద్ధం గెలిచిన రోజు డిసెంబర్ 16 వస్తే పరేడ్ గ్రౌండ్స్‌ల వీరుల సైనిక స్మారక్ కాడ పెద్దోళ్లందరూ పూలు పెడుతరు, పెట్టాలె, మా నాన్న కూడా కోటుకు మెడల్స్ తగిలించుకొని పోయేటోడు. ఆ గౌరవం ఆయన భార్యకు కూడా అందాలె సార్. దయచేసి మా ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగిందో కనుక్కోండి, ఫిర్యాదు మళ్ల క్లోజ్ చేయకుండ చూడండి, తెలుగుల మాట్లాడే ఒక మనిషిని ఆమెతోని మాట్లాడిపియ్యండి, పెన్షన్ మొదలుపెట్టండి. ఏ కాయితం కావాలన్నా ఒరిజినల్స్ మా దగ్గరనే ఉన్నయి, ఎప్పుడు రమ్మంటే అప్పుడు అమ్మను తీసుకొని వస్తం.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు పెద్ద బిడ్డ,
యాప్రాల్, హైదరాబాద్