పరకాల బస్సుల నా తల పట్టుకున్న అవ్వకు

డిశ్చార్జ్ అయ్యి ఇయ్యాల 3వ రోజు. కుట్లు ఇంక గుంజుతున్నయ్, ఒక కన్ను మూసుకొని టైప్ చేస్తున్న, తప్పులుంటే సదురుకోండ్రి.

నాకు మెదడుల నీళ్లు చేరే జబ్బు, హైడ్రోసెఫలస్. 2003ల షంట్ వేసిండ్రు. చెవి వెనక చిన్న వాల్వ్, ఆడికెళ్లి తోలు కిందనే పైపు మెడ, ఛాతి మీదుగ కడుపులకు పోయి ఎక్కువైన నీళ్లను దించుతది. ఇరవై ఏండ్లు దాటినా అలవాటైందని అబద్ధం చెప్ప. మెడ తిప్పితే లోపల దారం గుంజినట్టయితది, ఆ పక్కకు పండరాదు, హెల్మెట్ ఒత్తుతది, కటింగ్ షాపుల ప్రతిసారి "అన్నా ఆడ మెల్లగ" అనాలె. ఉత్త తలనొప్పి వచ్చినా బ్లాక్ అయ్యిందేమో అని గుబులు.

ఈసారి నిజంగనే అయ్యింది. పరకాల నుంచి హన్మకొండ బస్సుల, గూడెప్పాడ్ దాటినంక వాంతి, అన్నీ రెండు రెండు కనవడుతున్నయ్, లేవబోయి తూలిన. "పొద్దుగాల్నే ఏసిండు, దించుండ్రి" అని ఎనక నుంచి ఎవలో. పక్క సీట్ల అవ్వ "వాసనేమన్న వస్తుందా మీకు?" అని వాళ్లను గదమాయించి, కవర్ల ఉన్న టమాటలన్ని ఒళ్లె పోసుకొని ఆ కవర్ నా మూతికి పట్టింది. నాకు మాట వస్తలేదు, ఆమె చెయ్యి తీస్కొని చెవి వెనక పెట్టుకున్న. పైపు తాకింది కావచ్చు, ఇంకేం అడగలే. పసిపిల్ల మాడు మీద చెయ్యేసినట్టు ఏసి హన్మకొండ దాక తియ్యలే. ఇంతకుముందు 3 ఆపరేషన్లయినా ఏడ్వలే గని, గా చెయ్యికి ఏడ్చిన. తనేమో కండ్ల దవఖానకు పోతుందట, ఆ టోకెన్ ఇడిసిపెట్టి మా అన్న వచ్చేదాక నా పక్కనే కూసుంది. పేరడుగుడు మర్చిపోయిన.

మా ఆవిడ, అన్న, బాపు గురించి చెప్పేదేముంది, ఇంటోళ్లు.

ఒక్కటి మాత్రం మింగుడు పడ్తలేదు. మేం పోయిన దవఖానల గూడ ముందు "తాగిండా" అనే అడిగిండ్రు. పాత ఫైల్ చూపిస్తే షంట్ అంటే ఏందన్నరు, స్కానింగ్ రేపు అన్నరు. షంట్ మూసుకపోతే గంటల లెక్క సార్, రేపటి ముచ్చట కాదు. చివరికి పైసలు పెట్టి అంబులెన్స్ మాట్లాడుకొని హైదరాబాద్ ఉరికితే ఆ రాత్రే వాల్వ్ మార్చిండ్రు.

అరే, నా ఫోన్ తీసి మా అన్నకు చేసిన కండక్టర్ మేడమ్‌ను మర్చిన! రాత్రంత లేపి "పేరేంది, ఇది ఏ ఊరు" అని అడిగిన సిస్టర్ గూడ (అప్పుడు తిట్టుకున్న, సారీ). తల గొరిగిన వార్డు తమ్ముడు.

ఇంక బస్టాండ్ నుంచి తీస్కపోయిన ఆటో అన్న, నీకు కిరాయి ఇచ్చినమా లేదా మా ఇంట్ల ఎవ్వరికీ యాదికి లేదు. ఇయ్యకపోతే మెసేజ్ పెట్టన్నా.