టెండర్లలో రీస్టోర్ పరీక్షకూ చోటివ్వాలి

సంపాదకులకు,

ప్రభుత్వ ఆసుపత్రులు, పురపాలక సంఘాలు, సహకార బ్యాంకుల కంప్యూటరీకరణ టెండర్లలో సర్వర్లెన్ని, స్టోరేజీ ఎన్ని టెరాబైట్లు, ఫైర్‌వాల్ ఏ రకం అని పేజీలకు పేజీలు రాస్తారు. బ్యాకప్ దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల ‘రోజువారీ బ్యాకప్ తీయవలెను’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఆ బ్యాకప్ నుంచి సమాచారాన్ని ఎన్ని గంటల్లో తిరిగి తేవాలో (అదే రీస్టోర్), తేగలమని ఎవరు ఎప్పుడు చేసి చూపాలో ఉండదు. ఆ షరతు పెట్టాలని కోరుతూ ఈ లేఖ.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద ర్యాన్సమ్‌వేర్ దాడి, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే దాడి, జరిగింది. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం ఎన్‌క్రిప్ట్ అయిపోయింది, అంటే కీ లేకుండా చదవలేని సంకేతాలుగా మారిపోయింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. దాడి సోకని బ్యాకప్ సర్వరు ఒకటి ఉండబట్టి రోగుల వివరాలుండే ఈ-హాస్పిటల్ వ్యవస్థ సమాచారం దక్కింది. అయినా దాదాపు రెండు వారాలు ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. బ్యాకప్ ఉండటం ఒకటి, దాన్నుంచి వేళకు కోలుకోవడం మరొకటి. దక్షిణ కొరియాలోనైతే దాడే లేదు. 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు కాలిపోయాయి. పరిమాణం మరీ ఎక్కువని దానికి బయట కాపీ పెట్టలేదు.

మన దగ్గర బ్యాకప్‌లు ఎక్కువగా దెబ్బతినేది డొమైన్ దగ్గరే, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటి లాగిన్‌లను ఒకేచోట నుంచి నడిపే ఏర్పాటు దగ్గరే. బ్యాకప్ సర్వరును కూడా ఆఫీసు డొమైన్‌లోనే చేరుస్తారు. దొంగ చేతికి డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ చిక్కితే ముందు బ్యాకప్‌లు చెరిపేస్తాడు, తర్వాత విండోస్ తనంతట దాచే పాత ప్రతులను (షాడో కాపీలు) తీసేస్తాడు, ఆ తర్వాతే ఫైళ్ల మీద పడతాడు. అందుకే బ్యాకప్ సర్వరు డొమైన్‌కు బయట, వేరే పాస్‌వర్డ్‌తో, రెండంచెల లాగిన్‌తో ఉండాలి. నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజీ పెట్టెను (న్యాస్) ప్రతి కంప్యూటర్లో డ్రైవ్‌గా మ్యాప్ చేసి ఉంచితే అదీ సర్వర్లతోపాటే పోతుంది. ఒక డిస్కు పోయినా సమాచారం నిలిచేలా పలు డిస్కులను జతచేసే రెయిడ్ ఉందన్న ధీమా పనికిరాదు. అది డిస్కు చెడిపోయినప్పుడు ఆదుకుంటుంది తప్ప చెరిపివేతను ఆపదు. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే ఆ కాపీ తెరుచుకోకపోవచ్చు, కాబట్టి డేటాబేస్ సొంత బ్యాకప్ పద్ధతినే వాడాలి. ఏడు రోజుల కాపీలతో ఆగకూడదు. చొరబడినవాడు వారాల తరబడి లోపలే ఉండి ఆ తర్వాత దెబ్బతీయవచ్చు. ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ కీని అదే సర్వర్లో ఉంచడమంటే బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి మూయడం.

కనీసం ఒక కాపీ ఎవరూ మార్చలేనిదిగా ఉండాలి. క్లౌడ్‌లో ఇందుకు అమెజాన్ స్టోరేజీ సేవ ఎస్3లో ఆబ్జెక్ట్ లాక్ అనే సదుపాయం ఉంది. అందులో గవర్నెన్స్ మోడ్‌ను ప్రత్యేక అనుమతి ఉన్నవారు దాటగలరు. కంప్లయన్స్ మోడ్‌లో పెడితే గడువు తీరేదాకా సర్వాధికారాలున్న రూట్ ఖాతా కూడా ఆ కాపీని చెరపలేదు. పొరపాటున పదేళ్ల గడువు పెడితే, మొత్తం ఖాతానే మూసేస్తే తప్ప పదేళ్లూ బిల్లు కట్టాల్సిందే, కనుక 30 రోజులతో మొదలుపెట్టడం మంచిది. పెద్ద ఆసుపత్రులకు టేప్ ఇప్పటికీ చవకైన దారి. ఎల్‌టీవో అనే టేపుల్లో తొమ్మిదో తరానికి చెందిన ఎల్‌టీవో-9 కార్ట్రిడ్జ్‌లో కంప్రెషన్ (సమాచారాన్ని కుదించడం) లేకుండానే 18 టెరాబైట్లు పడతాయి. కొత్త కార్ట్రిడ్జ్‌ను మొదటిసారి పెట్టినప్పుడు డ్రైవు దాన్ని సరిచూసుకోవడానికి రెండు గంటల దాకా పట్టవచ్చు. చెడిపోయిందని బయటికి లాగకూడదు. ఎల్‌టీవో-9 డ్రైవు ఎల్‌టీవో-7 టేపులను చదవదు, పాత డ్రైవును అమ్మేసేముందు ఈ సంగతి చూసుకోవాలి. తేమ ఎక్కువుండే కోస్తా ఊళ్లలో టేపులను ఏసీ గదిలో, సర్వర్లున్న భవనంలో కాకుండా మరోచోట దాచాలి.

కొనకముందే వేయాల్సిన లెక్క ఒకటుంది. పది టెరాబైట్లు ఒక గిగాబిట్ లైన్ మీద తిరిగి రావాలంటే లైను పూర్తి వేగంతో నడిచినా 22 గంటలు పడుతుంది. అదే క్లౌడ్ నుంచి 100 మెగాబిట్ల ఇంటర్నెట్ మీద తెచ్చుకోవాలంటే తొమ్మిది రోజులు దాటుతుంది. ఎమర్జెన్సీ వార్డు అన్నాళ్లు ఆగుతుందా?

రీస్టోర్ పరీక్ష ఖర్చుతో కూడిన పని కాదు. నెలకోసారి ఏదో ఒక రోగి రికార్డును బ్యాకప్ నుంచి తీసి చూడాలి. మూడు నెలలకోసారి మొత్తం డేటాబేస్‌ను నెట్‌వర్క్‌కు సంబంధం లేని వేరే యంత్రంలో తిరిగి నిలబెట్టాలి. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే, డేటాబేస్ చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసే డీబీసీసీ చెక్‌డీబీ ఆదేశాన్ని నడపాలి. ఆఖరి ఓపీ నంబరు, ఆనాటి వసూళ్ల మొత్తం సరిపోయాయో లేదో కంపెనీ ఇంజినీరు కాకుండా ఆసుపత్రి రికార్డుల సిబ్బందే చూసి, పట్టిన సమయం రాసి సంతకం చేయాలి.

సర్వర్లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే లాగ్‌ల సంగతి కూడా మరిచిపోకూడదు. సైబర్ దాడుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి, 180 రోజుల లాగ్‌లు దాచాలి. అవి అదే సర్వర్లో ఉంటే దాడితోపాటే పోతాయి, వేరే లాగ్ సర్వరుకు పంపాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలు నమూనా టెండరులోనే రీస్టోర్ గడువును గంటల్లో రాయాలి. మూడు నెలల పరీక్ష నివేదిక లేకుండా నిర్వహణ బిల్లులో పదో వంతు విడుదల చేయకూడదు. ఇప్పటికే నడుస్తున్న ఒప్పందాల్లో వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) రెన్యువల్ సమయంలో ఈ షరతు చేర్చవచ్చు.

– ఒక డేటా స్టోరేజీ ఇంజినీరు, విశాఖపట్నం