పెద్ద తాబేలు, ఎక్కువ గుడ్లు: తొమ్మిదో తరగతి గ్రాఫ్ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లలు గ్రాఫ్ పేపర్ల మీద అమెరికా తాబేళ్ల లెక్కలు వేస్తున్నారేమిటని మీలో కొందరు అడిగారు. సిలబస్‌లో గ్రాఫ్ ఉంది. మార్కుల పట్టికతో గ్రాఫ్ గీయించే కన్నా తాబేళ్లతో గీయిస్తే పిల్లలకు ఆసక్తిగా ఉంటుందని మా సైన్స్ మాస్టారు అన్నారు, నేను సరేనన్నాను.

కాలిఫోర్నియా, నెవాడా వైపు మొహావీ ఎడారిలో ఉండే ఆడ తాబేలు ఏడాదికి ఒకటి రెండు విడతలు, అరుదుగా మూడో విడత కూడా గుడ్లు పెడుతుంది. విడతకు నాలుగైదు గుడ్లు మామూలు. పెంకు గట్టిది కాబట్టి ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తుంది, తాబేలుకు హాని లేకుండా లెక్కపెట్టేయొచ్చు. చిప్ప పొడవు అడ్డంగా, ఏడాది మొత్తం గుడ్లు నిలువుగా పెట్టి చుక్కలు వేస్తే, పొడవు పెరిగేకొద్దీ చుక్కలు పైకి పోతాయి. పెద్ద ఒంట్లో గుడ్లకు చోటెక్కువ, దాచుకున్న శక్తీ ఎక్కువ.

అయితే చుక్కలన్నీ గీత మీద బుద్ధిగా కూర్చోవు. నిజానికి పిల్లల ప్రశ్నలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. వానలు పడి గడ్డీ పూలమొక్కలూ మొలిచిన ఏడు గుడ్లు పెరుగుతాయి, కరువు ఏడు తగ్గుతాయి. అంటే ఒకే సైజు తాబేలుకు రెండేళ్లలో రెండు లెక్కలు. "పెద్దదంటే ముసలిదా?" అని ఒక అమ్మాయి అడిగింది. ప్రతిసారీ అలా కాదు. మేత బాగా దొరికిన తాబేలు త్వరగా పెరుగుతుంది, పెద్దయ్యాక ఎదుగుదల బాగా నెమ్మదిస్తుంది.

గుడ్లు పెట్టే వయసు రావడానికే దానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. తాబేలు పిల్లల్లో ఎక్కువ భాగం కాకుల్లాంటి పక్షులకూ నక్కలకూ ఆహారమైపోతాయి. అందుకే ఒక పెద్ద ఆడ తాబేలు పోతే ఆ లోటు పూడటానికి ఏళ్లకు ఏళ్లు కావాలి. అమెరికా ప్రభుత్వం 1990లో దీన్ని ముప్పులో ఉన్న జీవిగా ప్రకటించి చట్టరక్షణ ఇచ్చింది.

ఇక మన సంగతి. రాయలసీమ గట్ల మీద, పొదల్లో కనిపించే నక్షత్ర తాబేలు కూడా నెమ్మదిగా ఎదిగేదే. అదృష్టం కలిసొస్తుందని దాన్ని ఇంట్లో పెంచేవాళ్లున్నారు. వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. పొలంలో కనిపిస్తే ముట్టుకోకుండా వదిలేయండి. ఎవరింట్లోనైనా ఉంటే అటవీ శాఖ ఆఫీసుకు చెప్పండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే నన్ను కలవండి.

గ్రాఫులు సైన్స్ గది గోడ మీద ఉన్నాయి. పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు చూడండి, గీత మీద లేని చుక్కల గురించి మీ పిల్లల్నే అడగండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు