బేస్ గిటార్ తీగలకు నెల లెక్క కుదరదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో పిల్లలు నేర్చుకునే వాయిద్యాలను ఎలా చూసుకోవాలో రాశారు. మంచి పని చేశారు, తెలుగులో ఇలాంటివి రాసేవాళ్లు తక్కువ. అయితే అందులో గిటార్, బేస్ గిటార్ తీగలు నెలకోసారి మార్చాలి అని ఒక్క ముక్క ఉంది. ఈ ఉత్తరం దాని గురించే. సోమవారం పొద్దున్నే, నా దగ్గర బేస్ నేర్చుకుంటున్న ఇంటర్ కుర్రాడి నాన్న ఫోన్ చేశారు. ఆయన ఆటో నడుపుతారు. "సార్, నెలకోసారి మార్చాలని పేపర్లో పడింది, సెట్టు రెండు వేలంట కదా, నెలనెలా అంటే మా వల్ల కాదండి, వాణ్ని ఆపేస్తాను, ఏమీ అనుకోకండి" అన్నారు. ఆయన అంత మొహమాటపడుతూ చెప్పడం విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

నేను విశాఖలో ముప్పై ఏళ్లుగా బేస్, అంటే పాటకు అడుగు స్వరాలు పలికించే నాలుగు తీగల గిటార్, వాయిస్తున్నాను. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించాను, ఇప్పుడు చర్చిలో వాయిస్తున్నాను, సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలకు నేర్పుతున్నాను. ఈ ముప్పై ఏళ్లలో ఏ సెట్టునూ నెలకు మార్చలేదు, మార్చాల్సిన అవసరమూ రాలేదు.

అసలు మామూలు గిటార్‌కీ బేస్‌కీ ఒకే లెక్క వేయడం దగ్గరే తేడా వచ్చింది. గిటార్‌లో సన్న తీగలు ఉత్త స్టీలువి, వంచి వంచి వాయిస్తే పుటుక్కున తెగుతాయి. బేస్ తీగ అలా కాదు, లోపల ఒక స్టీలు తీగ, దాని చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టిన ఇంకో తీగ. మామూలు సెట్టులో అన్నిటికన్నా లావు తీగ రెండున్నర మిల్లీమీటర్ల పైమాటే ఉంటుంది. అంత లావుది తెగడం అరుదు. నా చేతిలో ఇన్నేళ్లలో తెగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బేస్ తీగ తెగదు, మూగబోతుంది. కొంచెం కొంచెంగా, వాయించేవాడికి కూడా తెలియకుండా మూగబోతుంది.

ఎలాగంటే, తంబురా దగ్గర కూర్చున్నవాళ్లకు తెలుసు, శ్రుతి బాగా కుదిరిన తంబురాలో మంద్ర షడ్జం తీగ మీటితే ఎవరూ వాయించని అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది. ఒక తీగలో ఒక స్వరమే ఉండదు, దాని మీద ఇంకా బోలెడు స్వరాలు ఉంటాయి. బేస్ లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు ఊగుతుంది, ఆ ఊపుతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగంగా ఊగే స్వరాలన్నీ కలిస్తేనే మనకు వినిపించే ఆ నిండు నాదం. వేళ్ల చెమట, చర్మం పొట్టు, దుమ్ము ఆ చుట్ల సందుల్లోకి దూరి గట్టిపడితే ముందు పోయేది ఆ పై స్వరాలే. అడుగు స్వరం ఉంటుంది కాబట్టి బానే ఉంది కదా అనుకుంటాం. కానీ చర్చిలో గోడకు కొట్టిన చిన్న బాక్సులు ఉంటాయి చూడండి, వాటిలో 41 అనేది సరిగా పలకదు, సెల్‌ఫోన్‌లో అయితే అసలే పలకదు. అక్కడ మన చెవి బేస్‌ని పోల్చుకునేది ఆ పై స్వరాల వల్లే. అవి చచ్చాక బేస్ అంటే ఏదో ధుం ధుం మని చప్పుడు మాత్రమే, అది ఏ స్వరమో పాడేవాళ్లకు అందదు.

మరి ఎన్నాళ్లు వస్తాయి అంటే, తీగ రకం బట్టి, చెయ్యి బట్టి, ఊరి గాలి బట్టి. ఇక్కడ ఎక్కువమంది వేసేవి రౌండ్‌వౌండ్ తీగలు, అంటే చుట్టిన తీగ గుండ్రంగా ఉండి వేలికి గరగర తగిలేవి. రోజుకో గంట వాయిస్తే ఆ కొత్త ఖంగుమనే మెరుపు రెండు మూడు వారాల్లో దిగిపోతుంది. దీన్ని చూసే చాలామంది తీగలు పోయాయనుకుంటారు. పోలేదు, అప్పుడే కుదురుకున్నాయి. అక్కణ్ణుంచి నాలుగు నుంచి ఆరు నెలలు హాయిగా వాయించుకోవచ్చు. ఆదివారం మాత్రమే వాయించేవాళ్లకు ఏడాది కూడా వస్తాయి. బొటనవేలితో కొట్టి స్లాప్ వాయించేవాళ్లు, స్టూడియోలో రికార్డింగ్‌కి వెళ్లేవాళ్లు త్వరగా మారుస్తారు, కొందరు ప్రతి రికార్డింగ్‌కీ మారుస్తారు, వాళ్లకు ఆ మెరుపే కావాలి, అది వాళ్ల పని. పైన సన్నని పూత ఉన్న తీగలు దొరుకుతున్నాయి, ధర ఎక్కువ, కానీ సందుల్లోకి చెమట దిగదు కాబట్టి నా చేతిలో రెండింతల కాలం వచ్చాయి.

ఇక ఫ్లాట్‌వౌండ్. బల్లపరుపు రిబ్బన్‌లాంటి తీగ చుట్టినవి, చేతికి నున్నగా ఉంటాయి, సందులు లేవు కాబట్టి మురికి దిగదు. ఇవి ఏళ్ల తరబడి ఉంటాయి. అమెరికాలో గిటార్లు చేసే లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే గిటార్ తెచ్చిన కొత్తలో ఈ రకమే వాడుక. 1960లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటల్లో చాలావాటికి వెన్నెముకగా వాయించిన జేమ్స్ జేమర్సన్ లా బెల్లా కంపెనీ ఫ్లాట్‌వౌండ్లు వాడేవాడు, తెగితే తప్ప మార్చడని ప్రసిద్ధి. ప్రపంచంలో బేస్ వాయించే ప్రతివాడూ ఈరోజుకీ ఆయన వాయింపు విని నేర్చుకుంటున్నాడు, ఆ ధ్వని పాత తీగలది. మరోపక్క ఇంగ్లండ్‌లో ది హూ అనే రాక్ బ్యాండ్‌లో బేస్ వాయించిన జాన్ ఎంట్‌విసిల్‌కి బేస్ పియానోలా మోగాలని పట్టుదల, 1966లో తీగలు చేసే రోటోసౌండ్ కంపెనీ వాళ్లతో కూర్చుని అలాంటి రౌండ్‌వౌండ్ తీగలు చేయించుకున్నాడు. ఎంట్‌విసిల్ కొత్త తీగ మనిషి, జేమర్సన్ పాత తీగ మనిషి. ఇద్దరిలో ఎవరిది తప్పంటాం?

ఇంత చెప్పానని ఎప్పటికీ మార్చక్కర్లేదు అనుకుంటే అది ఇంకా పెద్ద నష్టం. అది కూడా కళ్లారా చూశాను.

పోయిన ఏడాది వేరే చర్చి సంఘంలో బేస్ వాయించే డిగ్రీ అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. "అంకుల్, నాకు శ్రుతి జ్ఞానం లేదేమో, ఎంత ట్యూన్ చేసినా కీబోర్డ్‌తో కలవట్లేదు, వేరేవాళ్లని చూసుకోమని చెప్పేస్తాను" అంది. గిటార్ తీసి చూశాను. తీగ ఉత్తగా మీటితే ఫోన్‌లో శ్రుతి చూసే ట్యూనర్ సరిగ్గా ఉందన్నట్టు పచ్చగా వెలిగింది. పన్నెండో ఫ్రెట్, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే పన్నెండో లోహపు మెట్టు, దగ్గర నొక్కి మీటాను, అదే స్వరం పై స్థాయిలో రావాలి, సూది పక్కకు వెళ్లి కూర్చుంది. అదే చోట వేలు నొక్కకుండా ఊరికే ఆనించి హార్మోనిక్, అంటే తీగలోని పై స్వరం, పలికిస్తే మళ్లీ సరిగానే ఉంది. గోరు తీగ అడుగున పెట్టి మెల్లగా లాగాను. ఫ్రెట్ ఫ్రెట్‌కీ గోరు టక్కు టక్కుమని తట్టుకుంది, లోహం మీద లోహం ఏళ్ల తరబడి ఒత్తుకుని తీగ అడుగున గాట్లు పడిపోయాయి. వేలు చూసుకుంటే మసిగుడ్డ పట్టుకున్నట్టు నల్లగా అయింది. అవి గిటార్ కొన్నప్పుడు దానితో వచ్చిన తీగలట, ఎనిమిదేళ్లు. గాట్లు, మురికి వల్ల తీగ బరువు ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా అయిపోతే ఇక ఏ ఫ్రెట్ దగ్గరా స్వరం స్థానంలో పలకదు. తీగలు ఆనే బ్రిడ్జి ముట్టుకోలేదు, మెడ ముట్టుకోలేదు, నాలుగు తీగలు మాత్రం మార్చాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర సూది మధ్యలోకి వచ్చింది. ఆ అమ్మాయి రెండుసార్లు తనే నొక్కి చూసుకుని, "అంటే తప్పు నాది కాదా అంకుల్?" అంది. రెండేళ్లు ఆ పిల్ల తన చెవిని తనే అనుమానించుకుంది. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే సంఘ పెద్దలకూ, కాలేజీల కల్చరల్ కమిటీలకూ మీ పేపర్ ద్వారా చెప్పాలని ఉంది. పాతిక వేలు పెట్టి గిటార్ కొంటారు, దానికి కవరు కుట్టిస్తారు, దాత పేరు స్టిక్కర్ వేయిస్తారు, తీగలకు మాత్రం ఏడాదికి రెండు వేలు ఎవరూ రాయరు. వాయించే పిల్లలు అడగడానికి మొహమాటపడతారు. మైకు బ్యాటరీలకు రాసినట్టే బడ్జెట్‌లో ఒక లైను తీగలకు రాయండి.

ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడం కష్టం కాదు. పన్నెండో ఫ్రెట్ పరీక్ష పైన చెప్పాను. గోరు పరీక్ష చెప్పాను. ఇంకొకటి, తీగ మీటి వదిలేసి నాదం ఎంతసేపు నిలుస్తుందో వినండి, నాలుగింట్లో ఒకటి మిగతావాటికన్నా ముందే చప్పబడిపోతుంటే దాని పని అయిపోతున్నట్టు. ఎరుపు తుప్పు కనిపిస్తే ఇక పరీక్షలు అక్కర్లేదు, మార్చేయండి, అది ఫ్రెట్లను కూడా తినేస్తుంది.

మా విశాఖలో ఈ తుప్పు గోల ఎక్కువ. బీచ్ వైపు ఇళ్లలో కిటికీ ఊచలే ఆగవు, తీగలెంత. ఒకే రకం సెట్టు హైదరాబాద్‌లో మా తమ్ముడి గిటార్‌కి ఉన్నన్నాళ్లు నా దగ్గర ఉండదు. దానికి నేను చేసేది, వాయించే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వడం, అయ్యాక పాత నూలు పంచె ముక్కతో ఒక్కో తీగనూ పైనా అడుగునా తుడవడం, గిటార్‌ని కిటికీ దగ్గర గోడకు తగిలించకుండా కేసులో పెట్టడం, అందులో చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేయడం. తుడవడం ఒక్కటే నిమిషం పని, నెలలు కలిసొస్తాయి. చెయ్యి చెమట పట్టే తత్వం ఉన్నవాళ్లు మరీ తప్పకుండా చేయాలి, కొందరి చెమటకు మంచి తీగ కూడా పదిహేను రోజుల్లో నల్లబడుతుంది.

తొంభైల్లో మాకు ఇక్కడ బేస్ తీగలు దొరికేవి కావు, మద్రాసు వెళ్లేవాళ్లతో చెప్పి పంపితే తిరుగు కోరమాండల్‌లో రావాలి. అందుకని పాత తీగలు విప్పి నీళ్లలో పది నిమిషాలు మరగబెట్టి, తుడిచి, ఎండలో ఆరబెట్టి మళ్లీ వేసుకునేవాళ్లం. సందుల్లో జిడ్డు వదిలి నాలుగైదు రోజులు కొత్తదానిలా మోగేది, తర్వాత మళ్లీ మామూలే. విప్పి బిగించిన ప్రతిసారీ తీగ బిగించే బిరడా దగ్గర మడత పడ్డ చోట బలహీనపడుతుంది. నీళ్లకన్నా స్పిరిట్‌లో ఒక రాత్రి నానబెట్టడం మేలు, తుప్పు భయం ఉండదు, కానీ అది మండే సరుకు, వంటింట్లో పెట్టొద్దు. మరీ చేతిలో డబ్బు లేనప్పుడు ఇది ఒకట్రెండు సార్లు చేసుకోవచ్చు. పేరున్న కంపెనీ పేరుతో సగం ధరకు వచ్చే తీగలు మాత్రం కొనొద్దు. ఒక షాపులో అలా తెచ్చుకుంటే రెండు వారాలకే పై చుట్టు వదులై జరజరమంది, ప్యాకెట్ అచ్చం అసలుదానిలాగే ఉంది. తిరిగి ఇస్తానంటే తీసుకోలేదు.

కొత్తవి వేసేటప్పుడు ఒకటే జాగ్రత్త చెబుతాను. తీగ చివర కత్తిరించే ముందు ఆ చోట ముందుగా మడత పెట్టండి. మడవకుండా కత్తిరిస్తే లోపలి తీగ మీద చుట్టు జారి, కొత్త తీగ మొదటి రోజే చప్పగా పలుకుతుంది. చాలామంది కంపెనీని తిట్టుకునేది దీనికే.

ఆటో ఆయనకు ఫోన్‌లో లెక్క చెప్పాను. వాళ్లవాడు రోజుకు అరగంట వాయిస్తాడు, తుడుచుకుంటే ఒక సెట్టు ఎనిమిది పది నెలలు వస్తుంది, నెలకు రెండు వందల చిల్లర పడుతుంది. "అంతేనా సార్, అయితే గురువారం పంపిస్తాను" అన్నారు. పంపించారు. ఆయన ఫోన్ చేసి అడిగారు కాబట్టి సరిపోయింది. అడగకుండానే ఆపేసినవాళ్లు ఇంకెవరైనా ఉంటారేమో, ఆ ఒక్క ముక్క వచ్చే ఆదివారం అదే పేజీలో సరిచేసి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం