మంత్రి గారూ, అందరూ మావైపే అయితే ఆపిందెవరు?

బీసీ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ ప్రజావాణిలో ఇచ్చాను. రసీదులు బియ్యం డబ్బాలో భద్రంగా ఉన్నాయి. జవాబు రాలేదు కాబట్టి ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

తెలంగాణ స్థానిక ఎన్నికల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల సంగతి మీకు నేను చెప్పేదేముంది? 2023 ఎన్నికల ముందు కామారెడ్డిలో మాటిచ్చిందీ, కులగణన చేసిందీ, ఆ 42 శాతం ఇస్తూ జీవో 9 తెచ్చిందీ మీరే. ఆ జీవో మా ఇంటిదాకా వచ్చి ఎట్లా వెళ్ళిపోయిందో మాత్రం చెప్తాను.

2025 సెప్టెంబర్ ఆఖర్లో మా ఊరి సర్పంచ్ సీటు బీసీ మహిళకు వచ్చింది. మాది కుమ్మరి ఇల్లు, ఊళ్ళో మావి ఏడు గడపలే. పంచాయతీ ఆఫీసులో మా కుండలో నీళ్ళు తాగనివాళ్ళు లేరు గానీ, అక్కడి కుర్చీలో మావాళ్ళు ఇంతవరకు కూర్చున్నది లేదు. దసరా నాడు జమ్మి చేతిలో పెట్టి పెద్దమనుషులు కూడా "ఏం సర్పంచమ్మా" అని పలకరించారు. అబద్ధమెందుకు, ఆ పిలుపు బాగుంది. ఆ ఊపులోనే చిట్టీ తొందరపడి పాడుకున్నాను. లక్ష చిట్టీలో ఇరవై రెండు వేలు పోయాయి. ఇంటి పన్ను బాకీ కట్టాను, కుల సర్టిఫికెట్ తీయించాను, ఎన్నికల ఖర్చుకని బ్యాంకులో కొత్త ఖాతా తెరిచాను.

అక్టోబర్ 9న పొద్దున ఎంపీటీసీ, జడ్పీటీసీ నామినేషన్లు మొదలయ్యాయి. అదే రోజు హైకోర్టు జీవో మీద స్టే ఇచ్చింది. 16న సుప్రీంకోర్టులోనూ మీకు చుక్కెదురైంది. మొత్తం రిజర్వేషన్లు యాభై శాతం దాటితే కోర్టు ఊరుకోదని టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్ళకు కూడా తెలుసు. మీ లాయర్లకు తెలియకుండా ఉంటుందా? తెలిసే తెచ్చారా?

18న బంద్. కాంగ్రెస్, బీఆర్‌ఎస్, బీజేపీ, కమ్యూనిస్టులు, అందరూ మద్దతే. ఇక్కడ సర్కారు నడిపేవాళ్ళు, ఢిల్లీలో నడిపేవాళ్ళు, నిన్నటిదాకా నడిపినవాళ్ళు కలిసి బంద్ చేస్తే, అది ఎవరి మీద బంద్ సార్? దీపావళికి రెండు రోజులే ఉంది. రెండు గంపల దీపంతలు కాల్చి, చీర గుడ్డలో చుట్టి, పట్నం బస్సు కోసం తెల్లారకముందే రోడ్డు మీద నిలబడ్డాను. బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. ఎనిమిదింటిదాకా చూసి గంపలు మళ్ళీ నెత్తికెత్తుకున్నాను. మర్నాడు పోతే అప్పటికే బజారు నిండిపోయింది, సగం కూడా అమ్ముడుపోలేదు. మా కోసం చేసిన బంద్‌లో మా దీపంతలే మిగిలిపోయాయి. ఇప్పటికీ అటక మీద ఉన్నాయి, కావాలంటే మీకు పంపిస్తాను.

అంతకుముందు మార్చిలో అసెంబ్లీలో ఈ 42 శాతం బిల్లులకు అన్ని పార్టీలూ చేతులెత్తాయి. బయటికొచ్చాక ఎవరి పాట వాళ్ళది. బీజేపీవాళ్ళు బీసీల లెక్కలోంచి ముస్లింలను తీసేస్తేనే అంటారు. అగ్రవర్ణ పేదల 10 శాతానికి 2019 జనవరిలో వారం తిరక్కుండానే రాజ్యాంగం మార్చినవాళ్ళకు మా బిల్లుల దగ్గరికొచ్చేసరికి తీరిక దొరకలేదు. బీఆర్‌ఎస్‌వాళ్ళు మీరు మోసం చేశారంటారు. 2019 పంచాయతీ ఎన్నికల్లో మా 34 శాతాన్ని 23 దగ్గరకు దించిందెవరో వాళ్ళను అడిగితే మాట మారుస్తారు. మీరేమో ఢిల్లీ వైపు వేలు చూపిస్తారు. తమిళనాడువాళ్ళ 69 శాతం 1994లోనే రాజ్యాంగంలో కోర్టులు అంత సులువుగా ముట్టుకోని తొమ్మిదో షెడ్యూల్లోకి ఎక్కింది కదా, ఆ దారి మాటిచ్చేనాడు కనబడలేదా? ఒక్క పార్టీ అయినా ఎదురు నిలబడి "ఇవ్వం" అంటే బాగుండేది. పోట్లాడేదాన్ని. అందరూ మావైపే ఉంటే ఎవరితో పోట్లాడాలి?

డిసెంబర్‌లో పాత లెక్కనే ఎన్నికలు పెట్టారు. మా సీటు జనరల్ అయింది. "జనరల్లో నువ్వూ నిలబడొచ్చు" అన్నారు. నిజమే, మూడెకరాలు అమ్మితే నిలబడొచ్చు. మాకు ఉన్నది ముప్పావు ఎకరం. పార్టీ తరఫున 42 ఇస్తున్నామని మీవాళ్ళు మైకుల్లో చెప్పారు. పంచాయతీ బ్యాలెట్ మీద పార్టీ గుర్తులే ఉండవు కదా సార్. ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్. వీటిలో మీ 42 ఏ గుర్తు మీద ఉంది?

నేను అడిగేది పెద్దదేం కాదు. కోర్టులో నిలబడే పద్ధతిలో ఇస్తారా, ఇవ్వరా? ఇస్తే ఎప్పటికి? అన్ని పార్టీలూ మావైపే అంటున్నాయి కాబట్టి అందరినీ ఒకే బస్సెక్కించి ఢిల్లీ తీసుకుపోండి. ఆ రోజు బంద్ మాత్రం పెట్టకండి. ఇవ్వలేమంటే ఆ మాటైనా కాగితం మీద రాసివ్వండి. వచ్చేసారి మళ్ళీ బీసీ మహిళ అని లిస్టు వస్తే చిట్టీ పాడాలో వద్దో నాకు తెలియాలి.

మూడు రసీదుల జిరాక్సులు జతచేశాను. అసలువి నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

ఇట్లు,
సర్పంచ్ కాని ఒక బీసీ మహిళ