ఫ్రెస్నోలో మా అమ్మకు సాయపడ్డవాళ్లకు కృతజ్ఞతలు

హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రిలో చేరిన అమ్మ ఇంటికొచ్చి కాస్త కుదుటపడింది. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, అయినా ఇది ఇవాళే రాయాలి.

అమ్మకు ఉన్నది కాలిఫోర్నియా ప్రభుత్వ బీమా, మెడికాల్. 2022 నుంచి ఇక్కడి మెడికాల్ ప్లాన్లు, అంటే ఆ బీమాను నడిపే సంస్థలు, డాక్టర్లు, మందులతో పాటు జబ్బుకు తగ్గ భోజనానికి, బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీల్లాంటి వాటికి కూడా డబ్బు కట్టొచ్చు. పని చేసిపెట్టేది ఊళ్లోని సేవా సంస్థలు. అలాంటి సేవా సంస్థ నుంచే ఒకావిడ మా ఇంటికి వచ్చింది. స్పానిష్ మాట్లాడే మనిషి. అమ్మకేమో ఇంగ్లీషే అంతంతమాత్రం.

మొదట వచ్చిన భోజనం డబ్బాల్లో చికెన్ ఉంది. అమ్మ మూత తీసి, మళ్లీ పెట్టేసింది. ఉచితంగా ఇచ్చేదానికి పేచీ ఏం పెడతామని ఊరుకున్నాం. ఆవిడ ఫ్రిజ్ తెరిచి చూసి, అక్కడే నిలబడి వంటవాళ్లకు ఫోన్ చేసింది. మాంసం వద్దు, గుడ్డు వద్దు, ఉప్పు తక్కువ, పప్పు మాత్రం ఉండాలి అని.

కడ్డీలు బిగించి వడ్రంగి వెళ్లిపోయాక, ఆవిడ బూట్లు విప్పి టబ్‌లోకి దిగింది. రెండు చేతులా కడ్డీ పట్టుకుని, ఒళ్లంతా వేసి గుంజి చూసింది. అమ్మ పకపకా నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు. నేను గరాజ్‌లోకి వెళ్లి ఏడ్చాను. అంతగా లాగి చూడమని ఆవిడకు ఎవరు చెప్పారు?

మా ఆయన, చెల్లి ఎలాగూ ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కటే మంట. ఇలాంటి సాయం ఉందని డిశ్చార్జ్ రోజు ఎవరూ చెప్పలేదు. ఇంత మందాన కాగితాలు చేతిలో పెట్టారు, ఇది తప్ప అన్నీ ఉన్నాయి. క్లినిక్‌లో నర్సు నోటి మాటగా చెప్పబట్టి తెలిసింది. పైగా ఏ సేవలివ్వాలో ప్లాన్ల ఇష్టమట. భోజనం రోజుకు రెండు పూటలు, 12 వారాల వరకు. ఆపైన కావాలంటే మళ్లీ అవసరముందని చూపించాలి. గుండె జబ్బు 12 వారాల్లో పోతుందా? ఫోన్ చేస్తే గంటసేపు సంగీతం వినాలి.

అయ్యో, ఆ నర్సుకు థాంక్స్ చెప్పనే లేదు! గోడలకు రంధ్రాలు పెట్టుకోమని సంతకం చేసిన ఇంటి ఓనర్‌కు, ఫోన్‌లో తెలుగు చేసి చెప్పిన దుబాసీ గారికి కూడా. ఆయనది కడప యాస, పేరు అడగలేదు. మందులు ఇంటికి తెచ్చిచ్చిన ఫార్మసీ కుర్రాడికి, మా పిల్లల్ని బడి నుంచి తెచ్చిన ఎదురింటి పంజాబీ ఆంటీకి కూడా. ఇంకా ఎవరినైనా మర్చిపోతే కోప్పడకండి, రేపు కలుపుతాను.