ఇల్లు మారే రోజు గేటు దగ్గర పడిగాపులు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులొస్తే హైదరాబాద్‌లో ఏ వీధిలో చూసినా ఒక డీసీఎం వ్యాన్, దాని మీద తాళ్లతో బిగించిన మంచాలు, పరుపులు కనిపిస్తాయి. బడులు తెరవకముందే, ఆషాఢం రాకముందే ఇల్లు మారిపోవాలని అందరికీ తొందర. ఈసారి మేమూ ఆ గుంపులో చేరాం. విద్యానగర్‌లో చాలా ఏళ్లు ఉన్న ఇల్లు వదిలి, మా అబ్బాయి ఆఫీసుకు దగ్గరగా ఉంటుందని మణికొండలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో అద్దెకు దిగాం. సామాన్లు కట్టడం, ఎక్కించడం మేం భయపడినంత కష్టం కాలేదు. అసలు కష్టం కొత్త ఇంటి గేటు దగ్గర మొదలైంది.

పొద్దున పదకొండు గంటలకు బండి గేటు ముందు ఆగగానే సెక్యూరిటీ అతను ‘మూవ్ ఇన్ పాస్ చూపించండి మేడమ్’ అన్నాడు. అలాంటిది ఒకటుందని మాకెవరూ చెప్పలేదు. ఆఫీసుకు వెళ్తే, ఓనర్ దగ్గర నుంచి మెయిల్ రావాలన్నారు. మా ఓనర్ ఉండేది అమెరికాలో. మనకు పొద్దున పదకొండంటే ఆయనకు అర్ధరాత్రి! ఆయన లేచి ఫోన్ చూసుకునేదాకా బండి ఎండలోనే ఉంది. మెయిల్ వచ్చాక ఒక్కో షరతూ బయటికొచ్చింది. అగ్రిమెంట్ నకలు, అందరి ఆధార్ కాపీలు కావాలి. లిఫ్టు పాడైతే పట్టుకోవడానికి డిపాజిట్ కట్టాలి, అదీ నగదు కుదరదు. సామాన్లకు సర్వీస్ లిఫ్టు ఒక్కటే, అదీ సాయంత్రం అయిదు వరకే. మధ్యాహ్నం గంటసేపు దానికీ విరామం. ఈ నిబంధనలన్నీ ఓనర్ల వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో పెట్టారట. ఆ గ్రూపులో అద్దెకొచ్చేవాళ్లు ఉండరు కదా!

ఈ నిబంధనలు తప్పని నేననడం లేదు. బీరువా తగిలి లిఫ్టు అద్దం పగిలితే ఆ ఖర్చు అందరి మీదా పడుతుంది. ఒకేరోజు మూడు కుటుంబాలు దిగితే పైఅంతస్తుల్లో ఉండే పెద్దవాళ్లు లిఫ్టు కోసం నిలబడాల్సి వస్తుంది. నేను అడిగేదల్లా ఇవి ముందే తెలియాలని. అడ్వాన్స్ తీసుకున్న రోజే ఈ కాగితం చేతిలో పెడితే సగం టెన్షన్ ఉండేది కాదు. బండి మాట్లాడుకునేటప్పుడే ఏ టైముకు రావాలో చెప్పేవాళ్లం.

ఆలస్యమైతే నష్టం ఏమిటో గేటు లోపలివాళ్లకు అంతగా తెలియదనుకుంటాను. బండివాళ్లు హాల్టింగ్ ఛార్జీ వేశారు, అది న్యాయమే. మా అత్తగారికి ఎనభై దాటాయి, ఇన్సులిన్ మీద ఉన్నారు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను బయట ఉన్నా ఫరవాలేదు కానీ, విప్పనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాటిని ఐస్ ప్యాక్‌లతో ఫ్లాస్కులో పెట్టి నేనే పట్టుకున్నాను. ఐస్ నేరుగా తగిలి మందు గడ్డకట్టినా పనికిరాదు కాబట్టి గుడ్డ చుట్టాల్సి వచ్చింది. పోనీ ఇంట్లోకి వెళ్లగానే ఫ్రిజ్‌లో పెడదామంటే అదీ కుదరలేదు. బండిలో పడుకోబెట్టి తెచ్చిన ఫ్రిజ్‌ను నిలబెట్టి కొన్ని గంటలైనా ఆగాలి. కంప్రెసర్‌లో ఆయిల్ గొట్టాల్లోకి జారి ఉంటుంది, వెంటనే ఆన్ చేస్తే పాడవుతుంది. మేం లోపలికి వెళ్లిందే సాయంత్రం కావడంతో ఆ రాత్రి పక్క ఫ్లాట్ వాళ్ల ఫ్రిజ్ అడుక్కున్నాం. పాపం, మా ముఖం కూడా సరిగా చూడకముందే తలుపు తీశారు.

ఇంకో మాట. సామాన్లు మోసే కుర్రాళ్లు మే నెల ఎండలో గేటు బయట కూర్చున్నారు. సెల్లార్‌లో బాత్రూమ్ ఉన్నా వాళ్లను వెళ్లనివ్వలేదు, ‘రూల్ లేదు’ అన్నారు. ముప్పై ఏళ్లు బళ్లో పిల్లలకు సైన్స్ చెప్పిన దాన్ని. వడదెబ్బ ఎలా తగులుతుందో, నీళ్లు తాగకపోతే ఏమవుతుందో ఆ సెక్యూరిటీ అతనికి నిలబెట్టి పాఠం చెప్పాను. అతను మాత్రం ఏం చేస్తాడు, పైనుంచి ఎవరో చెప్పినట్టు చేస్తాడు. బాత్రూమ్ తాళం తీయించడానికి మళ్లీ ఆఫీసుకే పోవాల్సి వచ్చింది.

ఆదివారం సామాన్లు దించకూడదన్న నిబంధనైతే నాకు అసలు అర్థం కాలేదు. ఉద్యోగాలు చేసేవాళ్లు ఇల్లు మారేదే ఆ రోజు. అద్దె నెల లెక్కన కాబట్టి అందరూ నెలాఖరున, ఒకటో తారీఖున కదులుతారు. శ్రావణంలో మంచి రోజులు వచ్చాయంటే బండ్లు దొరకవు. ఇన్ని చిక్కుల మధ్య ఆదివారం కూడా తీసేస్తే సెలవు పెట్టి మారాల్సిందే.

ఇప్పుడు ఇల్లు వెతుక్కుంటున్నవాళ్లు అద్దెతో పాటు ఈ సంగతులూ అడగండి. మూవ్ ఇన్ నియమాలు కాగితం మీద ఇమ్మని బ్రోకర్ని నిలదీయండి. ప్యాకర్స్ వాళ్లను ఫోన్లో కాకుండా ఇంటికి పిలిచి సామాన్లు చూపించి రేటు మాట్లాడండి. మా పాత ఇంటి సందులోకి డీసీఎం రాదు. ట్రాలీ ఆటోలో మెయిన్ రోడ్డు దాకా చేరవేయాల్సి వచ్చింది. అదంతా ముందే చూసుకున్నారు కాబట్టి తర్వాత పేచీ రాలేదు. పాత ఇంట్లో కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి, ఓనర్‌తో లెక్క తేల్చుకునేటప్పుడు పనికొస్తుంది. గ్యాస్ కనెక్షన్ ఊళ్లోనే వేరే ఏజెన్సీకి మార్చుకోవడానికి సిలిండర్, రెగ్యులేటర్ తిరిగి ఇచ్చేయక్కర్లేదు.

మా అసోసియేషన్ సెక్రటరీ గారిని కలిసి నియమాల కాగితం తెలుగులో, ఇంగ్లిష్‌లో గేటు దగ్గరే పెట్టమని అడిగాను. సరేనన్నారు. బాత్రూమ్ సంగతి చూస్తామన్నారు. ఆదివారం మాటకు మాత్రం నవ్వి ఊరుకున్నారు. అది జనరల్ బాడీలో తేలాలట, అక్కడ అద్దెకున్నవాళ్లకు ఓటు లేదట. మీ పాఠకుల్లో ఫ్లాట్ల యజమానులు చాలామందే ఉంటారు. మీ మీ అపార్ట్‌మెంట్లలో ఇలాంటి నిబంధన ఉంటే వచ్చే మీటింగ్‌లో ఆ మాట మా తరఫున మీరే ఎత్తాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్స్ ఉపాధ్యాయిని,
మణికొండ, హైదరాబాద్